ట్రంకు పెట్టెలో కెమిస్ట్రీ

వానలు వెనకబట్టాయి, చురుగ్గా ఎండ కాస్తోంది, అటక మీది ట్రంకు పెట్టె దించి కాగితాలన్నీ డాబా మీద పరుద్దామని మీ మామ్మ పొద్దున్నించీ ఒకటే పోరు. దించడం సరే. పరవడమూ సరే. డాబా మీద మాత్రం వద్దన్నాను. ఈ వసారాలో, నీడపట్టున, ఫ్యాను సన్నగా తిప్పి పెడితే చాలు. ఎందుకో చెబుతా, ఇలా వచ్చి కూచోండర్రా. చిన్నీ, ఆ సెల్లు పక్కన... వద్దులే, దగ్గరే ఉంచుకో, దాంతో పనుంది.

ముందు ఈ పెట్టె అడుగు చూడండి. శుభ్రంగా ఉంటుందని ఎప్పుడో న్యూస్‌పేపరు పరిచారు. ఇప్పుడది ముదురు పసుపుకు తిరిగింది, పట్టుకుంటే పుటుక్కున విరుగుతోంది. దాని మీదే ఉన్న ఈ ఇంటి పన్ను రసీదుల కట్ట చూడు, బంటీ. పైన కాగితాలు తెల్లగానే ఉన్నాయి. అడుగున పేపరుకు ఆనిన కాగితం మాత్రం గోధుమరంగుకు వచ్చింది, అదీ ఎంతమేర ఆనిందో అంతమేరే. అది మురికి కాదు. ఆమ్లం చేసిన పని.

కాగితంలో ఉండేది ముఖ్యంగా సెల్యులోజు. గ్లూకోజు అణువులు వేలకొద్దీ దండ గుచ్చినట్టు వరసగా పేరుకుని ఉంటాయి. దండ పొడుగ్గా ఉన్నంతకాలం కాగితాన్ని ఎన్ని మడతలు పెట్టినా తట్టుకుంటుంది. తేమకు ఆమ్లం తోడైతే దండ అక్కడక్కడా తెగుతుంది. తెగిన ముక్కలు పొట్టివైన కొద్దీ కాగితం పెళుసెక్కుతుంది. చెట్టులో సెల్యులోజుతో పాటు లిగ్నిన్ అని ఇంకో పదార్థం ఉంటుంది, మానుకు గట్టితనం ఇచ్చేది అదే. న్యూస్‌పేపరు చవగ్గా రావాలి కాబట్టి చెక్కను నూరి, లిగ్నిన్‌ను పెద్దగా తియ్యకుండానే కాగితం చేసేస్తారు. వెలుతురూ గాలీ తగిలితే లిగ్నిన్ పసుపెక్కి ఆమ్లాలు పుట్టిస్తుంది. ఆ ఆమ్లం ఉన్నచోట ఉండదు, పక్క కాగితంలోకి పాకుతుంది. అందుకని ముందు ఆ పేపరు తీసి అవతల పారెయ్యండి. పాత నూలు పంచె ముక్క ఉతికి పరిస్తే సరిపోతుంది.

న్యూస్‌పేపరు సంగతి సరే, మంచి కాగితమూ ఈ బెడద తప్పించుకోలేదు. 1807లో జర్మనీలో మోరిట్జ్ ఇలిగ్ అనే ఆయన ఒక కొత్త పద్ధతి బయటపెట్టాడు. రాసిన సిరా పాకకుండా కాగితం గుజ్జులోనే గుగ్గిలం లాంటి రోజిన్‌నూ పటికనూ కలపడం. చవక, సులువు. ప్రపంచమంతా దాన్నే పట్టుకుంది. పటిక ఆమ్ల గుణం ఉన్నది, ఆ ఆమ్లం కాగితంలోనే ఉండిపోయి లోలోపల తన పని తాను చేసుకుపోయింది. అంతకుముందు గుడ్డపీలికలతో చేసిన కాగితాలు మూడు నాలుగు వందల ఏళ్లవి ఇప్పటికీ మెత్తగా ఉంటే, మా చిన్ననాటి పాఠ్యపుస్తకాలు పేజీ తిప్పితే అంచు ఊడి చేతికొస్తున్నాయి. ఈ నలభై ఏళ్లుగా పద్ధతి మళ్లీ మారింది. పటిక బదులు క్షార పద్ధతి, పైగా సుద్దపొడి కలపడం. ఇప్పుడు జెరాక్సు షాపులో వాడే ఏ-ఫోర్ కాగితం చాలావరకు అలాంటిదే. కాబట్టి మీ మామ్మ టెన్త్ సర్టిఫికెట్టు అసలు కన్నా నిన్న తీయించిన జెరాక్సే ఎక్కువ కాలం బతకొచ్చు. నవ్వకండి, నిజం.

ఇక ఎండ మాట. ఎండలో ఉండే అతినీల లోహిత కిరణాలు సెల్యులోజునూ రంగులనూ రెంటినీ విరగ్గొడతాయి. వేడి ఇంకో బాధ. మామూలుగా రసాయన చర్యలు పది డిగ్రీలు పెరిగితే ఇంచుమించు రెట్టింపు వేగంతో సాగుతాయని ఇంటర్లో చెప్పేవాణ్ణి. మే నెలలో శ్లాబు కింద అటక ఎంత కాలుతుందో చెయ్యి పెట్టి చూడండి. ఈ ఇంట్లో కాగితాలకు అటకంత పనికిమాలిన చోటు ఇంకోటి లేదు. వంటింటి గోడకు ఆనుకున్న బీరువా దాని తరవాతిది. నట్టింట్లో, నేల నుంచి జానెడు ఎత్తున, వీధి గోడకు ఆనకుండా ఉన్న చోటు చూసుకోవాలి.

కాగితం మన్నితే సరిపోతుందా? దాని మీద ఉన్న రాత మన్నాలి కదా. అసలు కథ ఇక్కడుంది.

మీ ముత్తాతగారి నాటి దస్తావేజు ఇదిగో. రాత నల్లగా, కొంచెం తుప్పు ఛాయలో ఉంది చూశారా. కరక్కాయల కషాయంలో అన్నభేది కలిపి చేసేవారు ఆ సిరా. కరక్కాయలో వగరుకు కారణమైన టానిన్లు ఉంటాయి, అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటు. రాసేటప్పుడు వెలిసినట్టుంటుంది, గాలి తగిలి ఇనుము ఆక్సీకరణం చెందాక నల్లబడి కాగితంలోకి పట్టేస్తుంది. నీళ్లకు తేలిగ్గా పోదు. యూరపులో కరక్కాయ బదులు ఓక్ చెట్టుకు బుడిపెల్లా వచ్చే మాచికాయలు వాడి ఇదే సిరా చేశారు. పాళ్లు కుదరకపోతే మాత్రం ఆమ్లం మిగిలిపోయి అక్షరం ఉన్నచోటే కాగితాన్ని తినేస్తుంది. ఈ 'శ్రీ' దగ్గర సన్నని బొక్క పడింది, చిన్నీ, వెనక వేలు పెట్టి చూడు, తెలుస్తుంది. ఇలాంటి దాన్ని మడవకూడదు. మడిచిన చోటే చిరుగుతుంది. చాపి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, అట్ట మీద ఉంచాలి.

దానికీ ముందు తాటాకులు. గంటంతో గీసి, పైన దీపపు మసి నూనెలో రంగరించి రుద్ది తుడిచేసేవారు. గీతల్లో మసి మిగిలేది. మసి అంటే కార్బన్. వెలుతురుకు వెలవదు, నీళ్లకు కరగదు, గాలితో చర్య జరపదు. ఈ మసిని కాస్త గుర్తుపెట్టుకోండి.

బాల్ పెన్ను, ఫౌంటెన్ పెన్ను సిరాలు చాలావరకు రంగులు, అంటే వెలుతురు తాకితే వెలిసే అణువులు. నీలిరంగు ఫౌంటెన్ పెన్నుతో రాసింది ఒక్క వాన చినుకుకే కొట్టుకుపోతుంది. వీటన్నిటిలోకీ అధ్వాన్నమైనది ఏమిటో చెప్పుకోండి చూద్దాం.

బంటీ, మీ నాన్న పర్సులో ఫ్రిజ్ కొన్న బిల్లు ఉంటుంది, తీసుకురా. చూశారా? షాపు పేరు అచ్చువేసిన ఎర్రరంగు భద్రంగా ఉంది. ఎంత పెట్టి కొన్నారు, ఎప్పుడు కొన్నారు అన్నది మాయం. అందులో సిరా లేనే లేదు మరి. దాన్ని థర్మల్ కాగితం అంటారు. పైన పలచని పూత ఉంటుంది. అందులో రంగులేని ఒక అద్దకపు పదార్థమూ, దానికి రంగు తెప్పించే ఆమ్లపు పదార్థమూ గట్టిపడి విడివిడిగా పడుంటాయి. ప్రింటరు తలలో చుక్కచుక్కగా వేడెక్కే చిన్న చిన్న భాగాలుంటాయి. వేడికి ఆ రెండూ కరిగి కలుస్తాయి, నల్లగా అక్షరం పడుతుంది. నమ్మకం లేకపోతే సూపర్ మార్కెట్టు బిల్లు మీద ఇస్త్రీ పెట్టె ఆనించండి, మొత్తం నల్లబడిపోతుంది. గోటితో గట్టిగా గీకినా ఆ రాపిడి వేడికి గీత పడుతుంది.

కలిసినవి విడిపోవడమూ అంతే సులువు. చేతి నూనె, శానిటైజరు, వెలుతురు, పర్సు ప్లాస్టిక్కులోంచి ఊరే రసాయనాలు, వీటిలో ఏది తగిలినా రంగు మళ్లీ పోతుంది. ఏటీఎం స్లిప్పులు, పెట్రోలు బంకు రసీదులు, బస్సు టికెట్లు, కొరియరు చీటీలు అన్నీ ఈ జాతివే. ముఖ్యంగా ఈసీజీ కాగితం. మామ్మకు తీసిన ఈసీజీ ఇప్పటికే సగం వెలిసింది. గుండె డాక్టరుకు పాత ఈసీజీ ఎంత అవసరమో తెలుసా? ఇవాళ కనిపించే తేడా ఇవాళే వచ్చిందా, పదేళ్లుగా ఉన్నదేనా అని చెప్పేది అదొక్కటే. తీసిన రోజే జెరాక్సు తీయించి, దాని మీద తేదీ రాసి ఫైలులో పెట్టాలి. ఫోనులో ఫొటో సరేసరి.

జెరాక్సే ఎందుకు? జెరాక్సులోనూ సిరా లేదు. అందులో వాడే పొడి, టోనరు, ప్లాస్టిక్కులో కలిపిన మసి. 1938 అక్టోబరు 22న న్యూయార్కులో ఆస్టోరియా అనే పేటలో చెస్టర్ కార్ల్‌సన్ అనే ఆయన మొదటిసారి ఆ ముద్ర తీశాడు. గంధకం పూసిన జింకు రేకును గుడ్డతో రుద్ది విద్యుదావేశం ఎక్కించి, రాత ఉన్న గాజుపలక అడ్డంపెట్టి వెలుతురు వేశాడు. వెలుతురు పడ్డచోట ఆవేశం పోయింది, రాత నీడ పడ్డచోట మిగిలింది. అక్కడ పొడి అంటుకుంది. ఆ తేదీ, ఊరు పేరే ఆ ముద్రలో పడ్డ మొదటి మాటలు. ఆయన ఒక కంపెనీ పేటెంటు విభాగంలో పనిచేసేవాడు, ఎంతసేపూ నకళ్లు రాయడమే పని, దాంతో విసుగెత్తి కనిపెట్టాడు. కరణీకం చేసినవాళ్లెవరైనా ఆయన్ని తలుచుకుని దండం పెట్టాలి.

టోనరులో మసి గొప్పదే గానీ, దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్కుకు ఒక బలహీనత ఉంది. ఇదిగో, మీ బాబాయి డిగ్రీ మార్కుల జాబితాల జెరాక్సు. మెత్తటి పారదర్శకపు కవరులో పెట్టాడు. కాగితం బయటికి లాగుదామంటే రావడం లేదు, లాగితే... ఆగు, ఆగు, చింపకు! చూడు, అక్షరాలు కవరుకు అంటుకుని వచ్చేస్తున్నాయి, కాగితం ఖాళీ అవుతోంది. కవరు మీద అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తున్నాయి. ఆ మెత్తటి కవరు పీవీసీ. పీవీసీ అసలు గట్టి పదార్థం, నీళ్ల గొట్టాలు చేసేది దాంతోనే. దాన్ని మెత్తబరచడానికి నూనె లాంటి రసాయనాలు కలుపుతారు. అవి కొన్నేళ్లకు పైకి ఊరి టోనరు ప్లాస్టిక్కును మెత్తబరుస్తాయి, రెండూ అతుక్కుంటాయి. కొత్త స్కూలు బ్యాగు వాసన వేసే కవరు ఏదైనా అనుమానించాల్సిందే. కాస్త మసకగా ఉండి, నలిపితే కరకరలాడే పాలీప్రొపిలీన్ కవర్లు పరవాలేదు. లేదా మామూలు తెల్లకాగితపు కవరు. దానికేం తక్కువ?

మీ బాబాయి మరీ జాగ్రత్తపరుడు కదా, అసలు డిగ్రీ సర్టిఫికెట్టును లామినేషన్ కూడా చేయించాడు. ఊళ్లో అందరూ చేయిస్తారు. వేడి రోలర్ల మధ్య ప్లాస్టిక్కుకు ఉన్న జిగురు కరిగి కాగితంలోకి దిగుతుంది. ఒకసారి దిగాక వెనక్కి తియ్యడం అసాధ్యం, తీస్తే పై పొర ఊడొస్తుంది. లోపలున్న ఆమ్లమూ తేమా లోపలే ఉండిపోతాయి. అదొకటి. రెండోది, దుబాయి ఉద్యోగం వచ్చినప్పుడు సర్టిఫికెట్టు వెనక ముద్ర వేయించుకురమ్మన్నారు. ముద్ర ప్లాస్టిక్కు మీద పడదు కదా. అమెరికా వెళ్లే పిల్లలకైనా అపోస్టిల్ కావాలంటే ఇదే తంటా. చివరికి ఫీజు కట్టి, అఫిడవిట్ ఇచ్చి, డూప్లికేటు తెచ్చుకునేదాకా ఆ ఉద్యోగం ఆగింది. ఇక మీదట ఈ ఇంట్లో లామినేషన్ మిషను దగ్గరికి కాగితం తీసుకెళ్లినవాళ్లకు నా దగ్గర టిఫిను లేదు.

గుండుసూదులు, స్టేప్లరు పిన్నులు, జెమ్ క్లిప్పులు తీసెయ్యండి. తుప్పు మరకే కాదు, ఇనుము సెల్యులోజు పాడవడాన్ని వేగిరపరుస్తుంది. రబ్బరు బ్యాండ్లు అంతకన్నా పాపం, ముందు బంకగా కరిగి తరవాత గట్టిపడి కాగితంతో ఏకమైపోతాయి. సెల్లోటేపు జిగురూ ఇంతే. నూలు నాడాతో కట్టండి. పూర్వం దఫ్తరాలు గుడ్డలో చుట్టి నాడాతో కట్టింది ఊరికే కాదు. గుడ్డ గాలిని పోనిస్తుంది, దుమ్మును ఆపుతుంది.

పురుగుల మాటకొస్తే, పెట్టె తెరవగానే సర్రున జారిపోయిందే, వెండిరంగుది, వెనక మూడు తోకలున్నది, అది సిల్వర్ ఫిష్. గంజి, జిగురు అంటే దానికి ప్రాణం. పుస్తకాల అతుకుల దగ్గర మొదలుపెట్టి కాగితం పై పొర గీకి తింటుంది. సెల్యులోజును అరిగించుకునే శక్తి ఉన్న పురుగు. చెమ్మ లేకపోతే బతకలేదు, అదొక్కటే మనకు దక్కిన అవకాశం. చెదలకు మట్టి దారి కావాలి, అందుకే పెట్టె కింద నాలుగు ఇటుకలు పెట్టి గోడకు ఎడంగా జరపమంటాను. దారి కడితే కంటపడుతుంది.

కలరా ఉండలు మామ్మ గుప్పెడు పోస్తుంది. నాఫ్తలీన్ ద్రవం కాకుండానే ఘనం నుంచి తిన్నగా ఆవిరవుతుంది, ఆ ఆవిరి గాలికన్నా నాలుగింతలు పైగా బరువు. అందుకని అడుగున పోస్తే లాభం తక్కువ, చిన్న గుడ్డలో మూటగట్టి పైన పెట్టాలి. పసిపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న బిడ్డలకు ఆ వాసనే ఎర్ర రక్తకణాలను చితక్కొడుతుంది. చిన్న అక్కయ్య బిడ్డను తీసుకొస్తోంది కదా వచ్చేవారం, ఇవాళే తీసెయ్యండి. వేపాకు, వస కొమ్ము పెట్టుకోవడం మన పాత అలవాటు, ఏడాదికోసారి మార్చాలి. చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా పొట్లాలు దాచిపెట్టి ఇందులో వేస్తుంటారు, గాలి చొరబడే ట్రంకు పెట్టెలో అవి కొద్ది రోజులకే తేమ పీల్చుకుని ఊరుకుంటాయి. వీటన్నిటికన్నా ఏడాదికి రెండుసార్లు ఇలా తెరిచి గాలి తగిలించడం మేలు.

తడి అంటే గుర్తొచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇళ్లలో పీకల్లోతు నీళ్లు. నీళ్లు తీశాక కాగితాలు ముద్దలు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో అందరూ తెలుసుకుని ఉండాలి. తడిసిన కట్టను విడదీయబోకండి, తడి కాగితానికి సత్తువ ఉండదు. బూజు పట్టడానికి రెండు రోజులు చాలు. ఆ లోగా ఆరబెట్టలేమనుకుంటే ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజరులో పెట్టెయ్యాలి. ఆశ్చర్యంగా ఉందా? గడ్డకడితే బూజు పెరగదు, సిరా పాకదు, మనకు టైము దొరుకుతుంది. కరెంటు ఉన్నవాళ్ల ఫ్రిజ్ అయినా అడుక్కోండి. తరవాత కొంచెం కొంచెంగా బయటికి తీసి, నీడలో, తెల్లకాగితాలు మధ్యన పెట్టి మారుస్తూ ఆరనివ్వాలి. పెద్ద పెద్ద గ్రంథాలయాలు వరదలో మునిగితే చేసేదీ ఇదే, వాళ్ల ఫ్రీజర్లు పెద్దవి, అంతే తేడా.

ఇంకో జెరాక్సు తీయించి ఇదే పెట్టెలో పెడితే ఏం లాభం అని ఇప్పుడు మీకే అర్థమై ఉండాలి. రెండు కాపీలూ ఒకే వరదకు పోతాయి. లెక్కలవాళ్లు దీన్నే స్వతంత్ర సంఘటనలు కావడం లేదంటారు. ఒక కాపీ వేరే ఊళ్లో, మీ అత్తయ్య ఇంట్లో ఉంటే, రెండు ఊళ్లూ ఒకేసారి మునగవు.

ఏ కాగితానికి ఎంత భయపడాలో కూడా తెలియాలి. అన్నిటికీ ఒకే భయం పెట్టుకుంటే ఏదీ సరిగ్గా దాచలేం. ఈ ఇంటి దస్తావేజు రిజిస్టరైంది. పోయినా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు ఇస్తారు, ఆస్తి మీది లావాదేవీలు చూపే ఈసీ తీసుకోవచ్చు. పూర్వం అక్కడ గుమస్తాలు దస్తావేజు మొత్తం పెద్ద పుస్తకంలో చేత్తో ఎత్తి రాసేవారు, 1998లో ఉమ్మడి రాష్ట్రంలో కార్డ్ పేరిట కంప్యూటర్లు వచ్చాక స్కాన్ చేసి ఉంచుతున్నారు. నకలు ఉన్నా బ్యాంకు అప్పు కావాలంటే అసలు దస్తావేజూ, దానికి ముందరి లింకు డాక్యుమెంట్లూ అడుగుతారు, అందుకని అసలును పోగొట్టుకోకూడదు. ఆధార్ కార్డు పోతే దిగులక్కర్లేదు, మళ్లీ వస్తుంది. చిన్న అక్కయ్య బిడ్డ జననం మాత్రం ఇరవై ఒక్క రోజుల్లో నమోదు చేయించి ధ్రువపత్రం తీసుకోవాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి అదే రుజువు, టెన్త్ సర్టిఫికెట్టు చూపించి నెట్టుకొచ్చే మా కాలం పోయింది.

పోతే మళ్లీ రానివి కొన్ని ఉంటాయి. రిజిస్టరు చేయించని వీలునామా అలాంటిది. ఇద్దరు సాక్షులు సంతకం పెడితే రిజిస్టరు కాకపోయినా చెల్లుతుంది, అదే దాని గొప్పా, అదే దాని ప్రమాదమూ. ఆ ఒక్క కాగితం పోతే ఇంకెక్కడా లేదు. ప్రోనోటు కూడా అంతే. పైగా దానికి వయసు మూడేళ్లే, ఆ లోపు కొంత సొమ్ము ముట్టి వెనకాల చెల్లు రాయించి సంతకం పెట్టిస్తే మళ్లీ మూడేళ్లు. మీ ముత్తాతగారి ప్రోనోట్లు ఈ పెట్టెలో ఓ కట్ట ఉన్నాయి. వాటి విలువ ఇప్పుడు రెవెన్యూ స్టాంపు బొమ్మ చూసుకోవడానికే.

పేర్ల గొడవ ఒకటుంది, ఇది మన తెలుగువాళ్లకు ప్రత్యేకం. మనకు ఇంటిపేరు ముందు, పేరు తరవాత. ఫారాల్లో 'లాస్ట్ నేమ్' అంటే ఒకరు ఇంటిపేరు రాస్తారు, ఇంకొకరు ఆఖర్న ఉంది కదా అని అసలు పేరు రాస్తారు. పాన్ కార్డు నంబరు చూడు చిన్నీ, మొదటి అయిదూ అక్షరాలు. నాలుగోది పి అయితే మనిషి అని అర్థం, కంపెనీ అయితే సి. అయిదోది లాస్ట్ నేమ్ గడిలో రాసిన పేరు మొదటి అక్షరం. ఒకే ఇంట్లో నాకు ఇంటిపేరు అక్షరం, మీ నాన్నకు సొంతపేరు అక్షరం వచ్చింది. దాన్నిబట్టే ఆ రోజు ఎవరు ఫారం ఎలా నింపారో పట్టేయొచ్చు. ఆధార్ నంబరులో పన్నెండో అంకె ఇంకా సరదా అయినది. అది మిగతా పదకొండు అంకెల నుంచి లెక్కగట్టి పెట్టింది. 1969లో డచ్ గణితవేత్త వెర్హూఫ్ చెప్పిన పద్ధతి. ఒక అంకె తప్పు రాసినా, పక్కపక్క అంకెలు తారుమారైనా లెక్క కుదరక కంప్యూటరు వెంటనే కాదంటుంది. అంకెల తప్పును పట్టే ఉపాయం దొరికింది గానీ, 'సూర్యనారాయణ'లో ఒక కాగితంలో డబల్ ఓ, ఇంకో కాగితంలో యూ రాసే గుమస్తాను పట్టే ఉపాయం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. అందుకని టెన్త్ సర్టిఫికెట్టులో స్పెల్లింగు ఎలా ఉందో అదే అన్నిటా ఉండేలా ఇప్పుడే సరిచేయించుకోండి. పెళ్లిళ్లయి పాస్‌పోర్టుల దాకా వచ్చాక సరిచేయించడం నరకం.

చిన్నీ, నీ ఫోను పని వచ్చింది. ఒక్కొక్కటీ ఫొటో తియ్యి, నీడ పడకుండా, రెండు వైపులా. వెనకవైపు మర్చిపోకు, ముద్రలూ చెల్లులూ ఉండేది అక్కడే. డిజిలాకర్ 2015లో వచ్చింది, అందులో ప్రభుత్వ శాఖలే నేరుగా పెట్టిన సర్టిఫికెట్లు అసలుతో సమానం. మనం ఫొటో తీసి ఎక్కించుకున్నవి ఒట్టి ఫొటోలే, ఆ తేడా తెలుసుకో. పెన్‌డ్రైవులో పెట్టి బీరువాలో దాస్తానంటావా? అందులో ఒక్కో అక్షరమూ చిన్న చిన్న గదుల్లో బంధించిన ఎలక్ట్రాన్లు. గోడలు ఎంత గట్టివైనా కొన్నేళ్లకు కొన్ని జారుకుంటాయి. అప్పుడప్పుడూ తెరిచి వేరే దాంట్లోకి ఎక్కించుకుంటూ ఉండాలి. ఆసుపత్రివాళ్లు ఎమ్మారై తీసి సీడీ ఇచ్చారు చూడు, అది చక్కగానే ఉంది, పెట్టి చూడ్డానికి ఇంట్లో ఒక్క కంప్యూటరుకూ ఆ బెజ్జం లేదు!

ఇప్పుడు రాగిరేకుల సంగతి చెప్పి వదిలేస్తాను. తాళ్లపాక అన్నమాచార్యుల కీర్తనలను వాళ్లబ్బాయి హయాంలో రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోనే ఒక అరలో పెట్టారు. పదార్థం చూస్తే అంతకన్నా గట్టిది లేదు, చెదలు తినవు, నీళ్లకు చెడవు. అయినా వందల ఏళ్లపాటు ఆ పాటలు లోకానికి లేనట్టే అయ్యాయి. 1920ల్లో ఆ రేకులు పండితుల చేతికొచ్చాకే మళ్లీ వెలుగు చూశాయి. రేకులు చెక్కు చెదరలేదు. అక్కడున్నాయన్న కబురే నడవలేదు.

బ్యాంకుల్లో ఇప్పుడు జరుగుతున్నదీ అదే. పదేళ్లు ఎవరూ తాకని డిపాజిట్ల సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళ్లిపోతుంది. పోయినట్టు కాదు, వారసులు అడిగితే ఇస్తారు. 2023 నుంచి ఉద్గమ్ అని ఒక వెబ్‌సైటు కూడా పెట్టారు వెతుక్కోవడానికి. కానీ వెతకాలని తట్టాలి కదా. నామినీ పేరు రాస్తే సొమ్ము చేతికి తేలిగ్గా వస్తుంది, ఆస్తి హక్కు మాత్రం వారసత్వ చట్టం ప్రకారమో వీలునామా ప్రకారమో తేలుతుంది. ఆ రెండూ ఒకటనుకుని కొట్టుకుంటున్న అన్నదమ్ములను నేనెరుగుదును. ఇంకొకటి, మీ మామ్మ పేర ఉన్న ఖాతాకు ఏ ఫోను నంబరు ఇచ్చామో అది బతికుండాలి. రీచార్జి మానేస్తే కొన్నాళ్లకు ఆ నంబరు ఇంకెవరికో వెళ్తుంది, మన ఓటీపీలు వాళ్లకు వెళ్తాయి.

అందుకని ఒక తెల్ల ఏ-ఫోర్ కాగితం తీసుకోండి. ఏ బ్యాంకు, ఏ బ్రాంచి, ఖాతా ఎవరి పేర, నామినీ ఎవరు, లాకరు తాళం ఎక్కడ, దస్తావేజులు ఎక్కడ, ఇన్సూరెన్సు పాలసీ నంబర్లు, పెన్షను పీపీవో నంబరు, ఎవరి దగ్గర అప్పు, ఎవరికిచ్చిన చేబదులు, అన్నీ రాయండి. పాస్‌వర్డులు, పిన్నులు రాయకండి. మూడు కాపీలు. ఒకటి ఇక్కడ, ఒకటి మీ నాన్న దగ్గర, ఒకటి అత్తయ్య దగ్గర. మామ్మ వద్దంటుంది, ఇప్పుడెందుకండీ అశుభం మాటలు అంటుంది. పొదుపు సంఘం డబ్బు ఎక్కడ దాచిందో ముందు ఆవిడ చేతే రాయించండి.

పెన్ను వద్దు బంటీ, పెన్సిలు తే. హెచ్‌బీది చాలు. అందులో ఉండేది గ్రాఫైటు, అదీ కార్బనే. మసి గుర్తుంది కదా? నీళ్లలో నానినా కరగదు, వెలుతురుకు వెలవదు. చెరిపెయ్యడమూ సులువే కాబట్టి డిపాజిట్టు మారినప్పుడల్లా దిద్దుకోవచ్చు. సంతకం, కోర్టు వ్యవహారం ఉన్నదాన్ని మాత్రం పెన్సిలుతో రాయకూడదు, ఇది మన ఇంటి కాగితం కనుక పరవాలేదు. ముందు పైన తేదీ వెయ్యి. ఏడాది కూడా వెయ్యరా, ఒట్టి తేదీ వేస్తే ఏ సంవత్సరమో ఎవరికి తెలుస్తుంది?